నేను ఉతికిన తెల్లగుడ్డ

మొన్న మా వాడకు ఆశా కార్యకర్త వచ్చి, సర్కారు దవాఖానలో ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు పరీక్ష చేస్తున్నారని, ముప్పై దాటినవాళ్లంతా తప్పకుండా రావాలని చెప్పి పోయింది. మా కోడలు స్వప్న ఆ మాట విన్న తీరు చూసి నేను ఆశ్చర్యపోయాను. బీపీ చూపించుకోవడానికి పోయినట్టే మొహానికి చున్నీ చుట్టుకుని, స్కూటీ వెనక నన్ను కూర్చోబెట్టుకుని, కూరగాయల సంచి కూడా తగిలించుకుని బయలుదేరింది. జగిత్యాలలో ఎండ మండిపోతోంది. అక్కడ ఒక పరదా, పరదా వెనక బల్ల, ఒక చిన్న లైటు. పది నిమిషాల పని. మా అమ్మ కాలంలో ఆ పరదా దాకా నడిచిన ఆడది మా ఇంట్లో ఒక్కతీ లేదు.

నర్సు కాగితం నింపుతూ, మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండేదా అని అడిగింది. మా అమ్మకు అన్నాను. అమ్మ పోయింది దీనితోనేనా అంటే అవునన్నాను. మొదట్లోనే ఎవరికైనా చెప్పుకోలేదా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే స్వప్న అందుకుంది. "మా అత్తమ్మోళ్ల అమ్మ ఎవ్వలకు చెప్పలే సిస్టర్. గప్పటి మనుషులు గంతే." స్వప్న మా అమ్మను చూడనే లేదు. మా ఇంట్లో అందరూ చెప్పుకునే మాటే తనూ చెప్పింది. నేను తలూపాను. నర్సు ఏదో రాసుకుంది. ఇంటికి వచ్చాక ఆ తలూపడం నన్ను వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మది సిరిసిల్ల. మా ఇంట్లో నాలుగు సాంచాలు ఉండేవి, అంటే మరమగ్గాలు. పొద్దంతా వాటి చప్పుడే. కొత్తవాళ్లు వస్తే మా ఇంట్లో మాటలు వినపడవని నోరు చెవి దగ్గరికి తెచ్చి మాట్లాడేవాళ్లు. మేము మాత్రం ఆ చప్పుడులో గుసగుస కూడా పట్టుకునేవాళ్లం. ఇల్లంతా నూలు గంజి వాసన, మిషను నూనె వాసన, మధ్యలో ఎక్కడో పొయ్యి మీద పచ్చిపులుసు కోసం కాల్చిన మిరపకాయల వాసన. నాయిన, అన్న సాంచాల దగ్గర. అమ్మ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆమె చేయి తిరుగుతూ ఉంటే నూలు పోగు ఎక్కడ తెగిందో చూడకుండానే వేలితో తెలుసుకునేది.

నెలకు నాలుగు రోజులు అమ్మను కాకి ముట్టేది. చిన్నప్పుడు నాకు అట్లాగే చెప్పేవాళ్లు. ఆ నాలుగు రోజులు అమ్మ వంటింట్లోకి రాదు, దేవుడి మూల దిక్కు పోదు, మంచినీళ్ల బిందె ముట్టదు. ఆమె చెంబు వేరు, చాప వేరు. నాయినమ్మ దూరం నుంచి అన్నం వడ్డించేది. కానీ రాట్నం మాత్రం ఆగేది కాదు. వంటింటికి ఉన్న మైల కండెలకు లేదు. అమ్మ చుట్టిన కండెలు ఆ నాలుగు రోజులూ సాంచాల మీదికి పోయేవి, గుడ్డ అయ్యేవి, ఎవరి ఒంటి మీదికో ఎక్కేవి. దేవుడికి కట్టిన తువ్వాల కూడా అందులోదే అయ్యుండొచ్చు. నేను ఒకసారి ఈ మాట నాయినమ్మను అడిగితే నెత్తి మీద ఒకటి మొట్టింది.

అమ్మ పాత చీర ముక్కలు వాడేది. అందరికంటే ముందు లేచి, ఇంకా కోడి కూయకముందే బావి పక్కన రాయి మీద ఉతికేది. ముందు చన్నీళ్లు, తర్వాతే సబ్బు. వేడినీళ్లు తగిలితే మరక గట్టిపడుతుందని నాకు నేర్పింది ఆమే. ఉతికిన ముక్కను దండెం మీద వేసి దాని మీద తడి లంగా కప్పేది. ఎండ తగలని గుడ్డ ఎప్పుడూ పూర్తిగా ఆరేది కాదు, ఒకలాంటి ముక్కిన వాసన వచ్చేది. నాకు మొదటిసారి అయినప్పుడు అమ్మ నన్ను వెనక్కి తీసుకుపోయి చెప్పింది ఒక్కటే. "మగోళ్ల కండ్లవడొద్దు బిడ్డా. నువ్వుగూడ దాన్ని సూడకు. ఉతుకు, కప్పు, మర్శిపో." నేను చాలా మంచి శిష్యురాలిని. పెళ్లయి కోరుట్ల పోయాక మా అత్తమ్మ దగ్గర ఈ విషయంలో ఒక్క మాట పడలేదు. అక్కడ నూలు బదులు బీడీలు. బయట కూర్చున్న రోజుల్లో తునికాకు కత్తిరించడం, బీడీలు చుట్టడం ఇంకా ఎక్కువ సాగేది, ఎందుకంటే వేరే పని ముట్టనివ్వరు కదా. మైల ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో మా ఇళ్లలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక కష్టకాలం. సిరిసిల్లలో సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అన్న భీవండి పోయి కొన్నాళ్లు ఉండి వచ్చాడు. దుబాయిలో మా ఆయన కట్టడం పని చేస్తూ కిందపడి నడుము విరగ్గొట్టుకుని వచ్చాడు. మా చుట్టుపక్కల ఊళ్లలో మగవాళ్లు గల్ఫు పోవడం మామూలే. ఆడవాళ్లు ముసలివాళ్లను చూసుకునే పనికి ఇజ్రాయెల్ పోవడం అప్పుడే మొదలైంది. నేను శిక్షణ తీసుకుని, పిల్లవాడిని అత్తమ్మకు అప్పజెప్పి యెరూషలేం పోయాను. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. ఏడ్చానో లేదో గుర్తు లేదు. విమానంలో దుప్పటి ఇస్తే దాని నేత చూశానని మాత్రం గుర్తుంది.

నేను పనిచేసిన ఇల్లు బాగా నియమాలు పాటించే యూదుల ఇల్లు. పక్షవాతం వచ్చిన పెద్దామె, ఆమె చిన్న కొడుకు, కోడలు హన్నా. పెద్దామెను లేపడం, స్నానం చేయించడం, తినిపించడం నా పని. హన్నా నాకంటే ఒకట్రెండేళ్లు పెద్దది. తలకు ఎప్పుడూ గుడ్డ కట్టుకుని, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరు. ఆ వీధిలో ప్రతి ఇంట్లో ఆరుగురు, ఏడుగురు పిల్లలు మెట్ల మీద పరిగెత్తుతుంటే ఈ ఇంట్లో మాత్రం గడియారం చప్పుడు వినపడేది. ఆమె నాతో సగం ఇంగ్లీషులో, సగం వాళ్ల భాషలో మాట్లాడేది. ఆమె మాటలు ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నాను.

మొదటి నెలలో నేను ఆ మొగుడు పెళ్లాలు కొట్లాడుకున్నారనుకున్నాను. కొన్ని రోజులు బాగానే ఉంటారు. తర్వాత రెండు వారాల దాకా మంచాలు వేరు. అతను ఆమెకు ఉప్పు డబ్బా ఇవ్వాలన్నా చేతికి ఇవ్వడు, బల్ల మీద పెడతాడు, ఆమె తీసుకుంటుంది. తాళంచెవి కూడా అంతే. కానీ మొహాల మీద కోపం లేదు, మాటలు మామూలే. రెండో నెల కూడా అట్లాగే అయ్యేసరికి నాకు అర్థమైపోయింది. ఓహో, ఇక్కడ కూడా కాకి ముడుతుందన్నమాట అనుకున్నాను. ఇంత దూరం వచ్చినా మన ఇంటికే వచ్చినట్టుందని కాస్త ధైర్యం కూడా కలిగింది. అన్నీ తెలిసిపోయాయనుకున్నాను. అక్కడే పొరపడ్డాను.

హన్నా స్నానాల గదిలో అరమీద ఒక రేకు డబ్బా ఉండేది. అందులో అరచేతిలో సగమంత తెల్లగుడ్డ ముక్కలు, ఒకదాని మీద ఒకటి పేర్చి. నేను సాంచాల ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి గుడ్డ చూస్తే చేయి ఆగదు. ఒకటి తీసి చూశాను. గంజి లేని మెత్తటి నూలు, సాదా నేత, చాలా శుభ్రమైన తెలుపు. ఇంత చిన్న ముక్కలు దేనికో అర్థం కాలేదు. కంటికి మందు వేసుకుంటుందేమో అనుకున్నాను.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం ఆ ఇంట్లో మన పండగ ముందు రోజులా ఉంటుంది. పొద్దుగూకితే వాళ్ల విశ్రాంతి దినం మొదలవుతుంది, ఆలోపు వంట, ఇల్లు, స్నానాలు అన్నీ అయిపోవాలి. కోడి పులుసు వాసన, అల్లిన రొట్టె కాలుతున్న వాసన, నేల తుడిచిన మందు వాసన. నేను తలుపు దగ్గరి బల్ల సర్దుతుంటే ఒక కవరు చేతికి తగిలి, అంటించలేదేమో, లోపలిది జారి బయటపడింది. అదే తెల్లగుడ్డ ముక్క. మధ్యలో ఆవగింజంత మరక, గోధుమరంగుదో ఎర్రదో చెప్పలేనట్టు. అది ఏమిటో నాకు క్షణంలో తెలిసింది. నాలుగడుగుల దూరంలో హన్నా భర్త వంగి బూట్లు కట్టుకుంటున్నాడు. పాపం, ఈ పిల్ల తొందరలో మరిచిపోయి పెట్టినట్టుంది, మొగోడి కళ్ల ముందు పడితే ఎంత సిగ్గు అనుకున్నాను. ఖాళీ కవరు అక్కడే వదిలేసి గుడ్డను పిడికిట్లో మూసుకుని స్నానాల గదికి పోయాను. ముందు చన్నీళ్లు, తర్వాత సబ్బు. మరక ఇట్టే పోయింది. పిండి, తువ్వాల కింద ఆరేశాను. ఆ పని చేస్తున్నంతసేపు నాకు చాలా సంతోషంగా ఉందని దాచుకోకుండా చెప్పాలి. పరాయి దేశంలో మొదటిసారి ఒక ఆడదానికి ఆడదానిలా సాయపడ్డాననిపించింది.

కాసేపటికి హాల్లో గొంతులు. అతను కవరు పట్టుకుని నిలబడ్డాడు. హన్నా బల్ల కింద, చాప కింద, చెత్తబుట్టలో వెతుకుతోంది. నేను ఆమెను పక్కకు పిలిచి, భయపడకు, నేను చూశాను, ఉతికేశాను, ఎవరూ చూడలేదు అన్నాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. హన్నా నా మొహంలోకి చూసి, "మొత్తం పోయిందా?" అని అడిగింది. మొత్తం పోయింది, ఒక్క చుక్క లేదు అన్నాను. ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. తలగుడ్డ కొస పట్టుకుని మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వాళ్ల నియమం ప్రకారం ముట్టు ఆగాక ఏడు రోజులు శుభ్రంగా గడవాలి. ఆ ఏడు రోజులూ పొద్దున ఒకసారి, పొద్దుగూకక ముందు ఒకసారి ఆమె ఆ గుడ్డను వేలికి చుట్టుకుని లోపల చూసుకుంటుంది. ఏడో రోజు గడిచాక స్నానాల కొలనులో మునిగి వస్తుంది. అప్పుడే మొగుడి చేయి ముట్టుకోవచ్చు. గుడ్డ మీద అనుమానంగా ఏదైనా కనపడితే దాన్ని కవరులో పెట్టి వాళ్ల గురువుకు పంపుతారు. ఆయన కిటికీ దగ్గర, పగటి వెలుతురులో చూసి చెబుతాడు. ఆ రోజు ఏడో రోజు. గురువు చూస్తే పర్వాలేదు అనేవాడేమో. చూడని దాని మీద ఏం చెప్పలేనని, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమని చెప్పి పంపాడట. ఇంకో గురువైతే ఇంకోలా చెప్పేవాడేమో అని హన్నానే తర్వాత అంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. హన్నాకు గర్భం నిలిచే రోజు ఎప్పుడూ ఆ స్నానం కంటే ముందే వచ్చిపోతుందట. అందుకే పిల్లలు కావడం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ నెల మందులు మింగి, రోజులు సరిచేసుకుని, నాలుగేళ్లలో మొదటిసారి రెండూ ఒక్క చోటికి తెచ్చుకుంది. నేను ఒక సబ్బు బిళ్లతో దాన్ని కడిగేశాను.

నన్ను పనిలోంచి తీసేస్తారనుకుని సంచి సర్దుకున్నాను. తీసేయలేదు. ఆదివారం పొద్దున హన్నా నన్ను పిలిచి, రేకు డబ్బా ముందు పెట్టి, కూర్చో అంది. గుడ్డ ఎలా చుట్టుకోవాలో, ఎంత మెత్తగా ఉండాలో, ఎక్కడ నిలబడి చూసుకోవాలో వేలితో చూపిస్తూ మొత్తం చెప్పింది. ఏది ఉతక్కూడదో నీకు తెలియాలి కదా అంది. అందులో కొంచెం కోపం, కొంచెం వేళాకోళం కలిసే ఉన్నాయి. నేను సిగ్గుతో నేల చూస్తూ విన్నాను. చివరికి ఆమె అడిగింది, "మీ దగ్గర ఆడవాళ్లు చూసుకోరా?" "మేము చూసుకోం. ఉతుకుతాం" అన్నాను. హన్నా డబ్బాకు మూత పెట్టింది. ఒక మగవాడికి గుడ్డ పంపి అడగడం నాకు అప్పుడు రోతగా అనిపించింది, ఇప్పటికీ నా మనసు దాన్ని పూర్తిగా ఒప్పుకోదు. తన ఒంటి లెక్క ఇంకొకరు తేల్చడం హన్నాకు మాత్రం ఇష్టమా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆమె అలసిపోయి ఉంది.

మా అమ్మతో నేను వారానికి ఒకసారి ఫోనులో మాట్లాడేదాన్ని. మా ఇంట్లో ఫోను లేదు. ఎదురింటి ఆసామి, సొంతంగా ఇరవై సాంచాలు నడిపించే మనిషి, వాళ్ల హాల్లో ఫోను ఉండేది. ఆదివారం సాయంత్రం అమ్మ పోయి అక్కడ ఒక కుర్చీ అంచు మీద కూర్చునేది. టీవీ నడుస్తూ ఉంటుంది, ఆసామి అక్కడే ఉంటాడు, కొడుకులు వచ్చి పోతుంటారు. నేను అమ్మకు నా తెలివితక్కువ పని అంతా కథలాగా చెప్పాను, నవ్వుతుందని. అమ్మ నవ్వలేదు. ఉతికితే మంచిదే కదా, ఆమెకెందుకు బాధ అంది. అట్ల కాదే, వాళ్లు రోజూ చూసుకుంటరు, రంగు తేడా ఉంటే పెద్దమనిషికి చూపిస్తరు అని చెప్పాను. లైను తెగిందనుకుని హలో హలో అన్నాను.

అప్పుడు అమ్మ గొంతు తగ్గించి అడిగింది. "మరి ముట్లు ఆగిపోయినోళ్లకు మల్ల కనవడితె ఏం జేస్తరట బిడ్డా? గప్పుడు గూడ జూయిస్తరా?"

నేను పకపకా నవ్వాను. "ముసల్దానికి గా లెక్కలెందుకే అమ్మా? ఇంక పిల్లల్ని కనేదుందా?"

"అవ్ గదా" అంది అమ్మ. అక్కడ చలి ఎట్లుందని అడిగింది. స్వెట్టరు వేసుకొమ్మంది. ఫోను పెట్టేశాను. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న హన్నా, మీ అమ్మ బాగుందా అని అడిగింది. బాగుందని చెప్పాను.

అప్పటికి నేను రోజూ పెద్దామెకు స్నానం చేయిస్తూ ఆమె ఒళ్లంతా చూసి, ఎక్కడ ఎరుపు కనిపించినా, బట్ట మీద ఏ మరక ఉన్నా కాగితం మీద రాసి, వారానికోసారి వచ్చే నర్సుకు చూపించేదాన్ని. శిక్షణలోనే చెప్పారు, ముట్లు ఆగిన ఆడవాళ్లకు మళ్లీ రక్తం కనిపిస్తే వెంటనే చెప్పాలని. నాకు అది బాగా తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా. ఎదురుగా ఉన్న హన్నాతో అమ్మ మాట అనుంటే, ఆమె గురువు దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి పంపమని ఆ నిమిషంలోనే చెప్పేది. నాకు తట్టలేదు. అమ్మ ఇంకెవరి గురించో అడుగుతోందని కూడా అనుకోలేదు. అసలు ఏమీ అనుకోలేదు.

ఎనిమిది నెలలకు అన్న ఫోను చేశాడు. కరీంనగర్ తీసుకుపోయారు, అక్కడి నుంచి హైదరాబాదు. అంతటా ఒకటే మాట, చాలా ఆలస్యం అయిందని. నేను సెలవు దొరికి వచ్చేసరికి అమ్మ పోయి పదకొండో రోజు కూడా అయిపోయింది. వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడాది పైనుంచి అమ్మకు రక్తం పోతోందట. అందరికంటే ముందు లేచి తన గుడ్డ తనే ఉతుక్కునేదట. ఒక్కింట్లో ఉండి కూడా తనకు తెలియలేదని వదిన గుండె బాదుకుంది. "ఎవ్వలకు చెప్పలే, నాకన్న చెప్పకపాయె" అని ఆ రోజంతా అదే మాట. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. మా అన్న ఈ రోజుకీ అదే చెబుతాడు. వదిన ఏడుస్తుంటే నేను ఆమె వీపు నిమిరాను.

హన్నాకు ఆ మరుసటి ఏడాది ఆడపిల్ల పుట్టింది. నేను అప్పటికి తిరిగి అక్కడికి పోయాను, నా చేతులతోనే ఆ పిల్లకు నూనె రాశాను. నా తప్పు ఆమెకు ఒక్క నెలతో పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ బయట కూర్చోరు. స్వప్న ఆ రోజుల్లో కూడా వంట చేస్తుంది, ఆఫీసుకు పోతుంది, నా మనవరాలు మెడికల్ షాపులో తనే అడిగి కొనుక్కుంటుంది, ఫోనులో రోజులు లెక్కపెట్టుకుంటుంది. నేను వాళ్లను చూసి సంతోషపడతాను, కొంచెం అసూయ కూడా పడతాను. అమ్మ కాలంలో కనీసం పొయ్యి దగ్గరి నుంచి నాలుగు రోజులు తప్పించుకునేవాళ్లం, వీళ్లకు అదీ లేదు అని అప్పుడప్పుడు అంటే, మళ్లీ కూర్చుంటవా అత్తమ్మా అని స్వప్న నవ్వుతుంది. కూర్చోను. మా కాలంలోది ఏదీ తిరిగి కావాలనిపించదు, ఆ ఒక్క ఫోను తప్ప. పదిమంది మగవాళ్ల ముందు, టీవీ చప్పుడులో, కుర్చీ అంచు మీద కూర్చుని అమ్మ అడగగలిగినట్టుగా అడిగింది. స్వప్న దవాఖానలో చెప్పింది నిజం కాదు. అమ్మ చెప్పింది. నాకే చెప్పింది. నేను నవ్వాను.